బక్క పిల్లలా, బొద్దు పిల్లలా? బడిలో ఇంకా గుడ్లు, చిక్కీలు ఎందుకు?

కూకట్‌పల్లి నాన్న | ఆదివారం ఉదయం 10:12

2025 సెప్టెంబరులో యునిసెఫ్ రిపోర్టు ఒకటి వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో తక్కువ బరువు ఉన్నవాళ్లు 9.2 శాతం, ఊబకాయం ఉన్నవాళ్లు 9.4 శాతం. లావు బక్కతనాన్ని దాటడం ఇదే మొదటిసారి అట. మనం మాత్రం ఇంకా పాత పాటే పాడుతున్నాం. ఆంధ్రాలో బడి పిల్లలకు వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, అది చాలదన్నట్టు 2023 నుంచి రాగిజావ. మా తెలంగాణలో వారానికి మూడు గుడ్లు. చిక్కీ అంటే ఏంటి? బెల్లం పాకం. స్వీటే కదా! ఆ డబ్బులు పెట్టి గ్రౌండ్లు బాగుచేయండి, పీఈటీలను వేయండి. పిల్లలకు ఇప్పుడు కావాల్సింది తిండి కాదు, పరుగు.

నేను సర్కారు బడిలో చదివినవాణ్ణే. మా రోజుల్లో మధ్యాహ్న భోజనం లేదు. పొద్దున గంజి, రాత్రి పచ్చడి మెతుకులు. ఏమైంది? బతికాం కదా.

చద్దన్నం | 10:20

చద్దన్నం మానేసిన రోజే అంతా పోయింది.

లెక్కల మాస్టారు | 10:41

హెడ్డింగు చదివి ఆగిపోయారు మీరు. లావు బక్కని దాటింది అన్నది నిజమే. కానీ రెండు ప్రాంతాలు తప్ప అని అదే రిపోర్టులో ఉంది. ఒకటి సహారా కింద ఉన్న ఆఫ్రికా, రెండోది దక్షిణాసియా. మనం ఎక్కడ ఉన్నామో మ్యాపులో చూసుకోండి.

మన దేశం లెక్క కావాలంటే 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ఉంది. 5–9 ఏళ్ల పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 22 శాతం, బక్కచిక్కినవాళ్లు 23 శాతం, అధిక బరువు 4 శాతం. 10–19 ఏళ్ల వాళ్లలో బక్కవాళ్లు 24, అధిక బరువు 5. ఐదుకీ ఇరవైనాలుగుకీ తేడా చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

కూకట్‌పల్లి నాన్న | 10:55

మాస్టారూ, నేను ఉండేది దక్షిణాసియాలో కాదు, కూకట్‌పల్లిలో. మావాడి క్లాసులో నలభై మంది ఉంటే పది మందికి యూనిఫారం గుండీలు పట్టవు. మీ సర్వే ఎప్పటిది? కరోనాకి ముందుది. తర్వాత పిల్లలు రెండేళ్లు ఫోన్లు పట్టుకుని సోఫాల్లో కూర్చున్నారు. ఆ లెక్క ఎవరు వేశారు?

అసలు నా పాయింటు చిక్కీ. దానికి ఎవరూ సమాధానం చెప్పట్లేదు.

డల్లాస్ ప్రసాద్ | 11:02

ఇక్కడ 2011లో స్కూల్ లంచ్ పిజ్జా మీద ఉండే టమాటా పేస్టును కూరగాయల కింద లెక్క వేసుకోవచ్చని ఏకంగా అమెరికా పార్లమెంటు, అంటే ఇక్కడి కాంగ్రెస్సే ఒప్పుకుంది. మీరు చిక్కీ దగ్గర కొట్టుకుంటున్నారు, అదృష్టవంతులు 🙂

మన్యం పంతులమ్మ | 12:30

చిక్కీ గురించి నేను చెప్తాను. పాడేరు వైపు బడిలో పదకొండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. బడిలో ఇచ్చే చిక్కీ 25 గ్రాములు. అందులో సగానికి పైగా వేరుశనగ గింజలే. పావు లీటరు కూల్‌డ్రింక్‌లో ఒక్క చక్కెరే ఆ చిక్కీ మొత్తం బరువంత ఉంటుంది. మీవాడి క్లాసులో గుండీలు పట్టనిది చిక్కీ తిని కాదండీ, వాళ్లకు చిక్కీ ఎవరూ ఇవ్వరు.

ఇక బరువు. నా క్లాసులో ఏడో తరగతి అమ్మాయి ఉంది. పదమూడేళ్లు, 140 సెంటీమీటర్లు, 28 కిలోలు. సోమవారం మా బడికి వచ్చి అన్నం వడ్డించే చోట నిలబడండి. ఆదివారం ఇంట్లో ఏం తిన్నారో ఎవరినీ అడగక్కర్లేదు. సోమవారం అన్నం గంజు ఖాళీ అయిపోతుంది, శుక్రవారం కొంచెం మిగులుతుంది. రెండు రోజులూ వండేది ఒకటే కొలత.

ఒకసారి ఈ అమ్మాయి కంపాస్ బాక్సులోంచి వాసన వస్తోందని క్లాసులో తిట్టాను. తెరిస్తే వృత్తలేఖిని, కోణమానిని బయటికి తీసి పుస్తకంలో పెట్టుకుంది. ఆ ఖాళీలో ఉడికించిన గుడ్డు, కాగితంలో చుట్టి. ఇంట్లో ఇంకా బడి వయసు రాని చెల్లి ఉంది. ముందు రోజు సాయంత్రం వాన పడి గెడ్డ దాటలేక పిన్ని ఇంట్లో ఉండిపోయిందట, గుడ్డు బాక్సులోనే ఉండిపోయింది. అప్పట్నుంచి నేను బాక్సులు వాసన చూడటం మానేశాను.

కూకట్‌పల్లి నాన్న | 12:44

మీరు ఒక్క అమ్మాయి కథ చెప్తే నేను పది మంది అబ్బాయిల కథ చెప్తా బ్రదర్. కథలతో పాలసీలు చేయరు.

మన్యం పంతులమ్మ | 12:46

పేరులో పంతులమ్మ అని ఉంది. బ్రదర్ ఏంటండీ.

చద్దన్నం | 12:51

😀😀

వంటక్క కొడుకు | మధ్యాహ్నం 1:15

చిక్కీ డబ్బులు గ్రౌండ్లకు పెట్టమంటున్న అన్నకు ఒక మాట. మా అమ్మ మా ఊరి బడిలో వంట చేస్తది. నెలకు గౌరవ వేతనం 3000. పొద్దున ఎనిమిదింటికి పోతే మధ్యాహ్నం రెండున్నరకు వస్తది. కేంద్రం లెక్కలో 2025 మే నుంచి ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లాడికి రోజుకు వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 10 రూపాయల 17 పైసలు. బియ్యం కాక పప్పు, నూనె, కూరగాయలు, గ్యాస్ అంతా అందులోనే. రాష్ట్రం పైన కొంత వేస్తది, కాదనను. కానీ బిల్లు రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా కిరాణా కొట్లో అప్పు మా అమ్మ పేరు మీదే రాసుకుంటరు. గుడ్డు ధర పెరిగినా బిల్లులో పెరగదు. అప్పుడు హెడ్మాస్టరు చిన్న గుడ్డు తెమ్మంటడు, పిల్లలు 'అక్కా, ఇది పావురం గుడ్డా' అంటరు. ఆ మాటలు పడేది కూడా మా అమ్మే.

ఈ డబ్బులోంచి తీసి మీరు గ్రౌండ్ కడతారా అన్నా? మా బడికి రెండెకరాల గ్రౌండ్ ఉంది. అందులో మేకలు మేస్తయి.

లెక్కల మాస్టారు | 1:32

నిబంధన ప్రకారం ప్రైమరీ పిల్లాడికి 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. ప్రైమరీ పిల్లాడికి సగం ప్రోటీన్ ఆ ఒక్క గుడ్డులోనే. దాన్ని తీసేస్తే ఆ 12 ఎక్కడి నుంచి తెస్తారు? నీళ్ల సాంబారులోంచా?

ఒక సవరణ. 'బక్క', 'లావు' అని రెండు డబ్బాలు పెట్టుకుని మాట్లాడుతున్నాం. మూడోది పొట్టితనం, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. తొమ్మిదేళ్ల అమ్మాయి 118 సెంటీమీటర్లు, 22 కిలోలు ఉందనుకోండి. బరువును మీటర్లలో ఎత్తు స్క్వేర్‌తో భాగిస్తే 15.8 వస్తుంది. కార్డు మీద 'నార్మల్' అని రాసేస్తారు. నిజానికి ఆ వయసుకి ఆ ఎత్తు చాలా తక్కువ. ఎత్తూ బరువూ రెండూ తగ్గాయి కాబట్టి భాగహారం సరిపోయింది, అంతే.

కూకట్‌పల్లి నాన్న | 1:50

మళ్లీ గుడ్డు! నేను గుడ్డు తీసేయమన్నానా? చిక్కీ అన్నాను.

లెక్కల మాస్టారు | 1:52

మొదటి పోస్టు హెడ్డింగులో 'గుడ్లు, చిక్కీలు ఎందుకు' అని రాసింది మీరే. పైకి వెళ్లి చూసుకోండి.

నెల్లూరు చేపలపులుసు | 2:10

గొడవంతా తెల్లన్నం వల్ల. సన్నబియ్యం పెడుతున్నామని గొప్పలు. రుచి బాగుంటే ఇంకో రెండు ముద్దలు లోపలికి పోతాయి, పక్కన కూర లేకపోతే ఉపయోగం ఏంటి?

కూకట్‌పల్లి నాన్న | 2:31

సరే, సూటిగా చెప్తా. పల్లెల్లో పిల్లలకు తిండి చాలట్లేదంటే దానికి సర్కారు ఉంది, గుడ్డు ఉంది, రాగిజావ ఉంది, నీలం ఐరన్ మాత్ర ఉంది, నులిపురుగుల మాత్ర ఉంది. మా పిల్లలకు ఏముంది? ఏమీ లేదు. తప్పు ఎవరిది అంటే ఇంట్లో వాళ్లదే. తల్లులకు వండే ఓపిక లేదు. పొద్దున నూడుల్స్, స్నాక్స్ డబ్బాలో చిప్స్, సాయంత్రం యాప్‌లో ఆర్డర్. మా అమ్మ ఆరుగురికి కట్టెల పొయ్యి మీద వండింది. ఇప్పటి వాళ్లు ఇద్దరికి గ్యాస్ మీద వండలేరా?

బెజవాడ బిందు | 2:38

వచ్చేసింది. పొద్దున్నుంచి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా ఈ మాట.

బెజవాడ బిందు | 2:59

నిన్నటిదాకా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాస్తాను.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఒక ప్రైవేటు స్కూలు, పేరు వద్దు. హెల్త్ చెకప్ అని పెట్టారు. మిషన్ తెచ్చి క్లాసు ముందు వేసి, ఒక్కొక్కళ్లను ఎక్కించి, నంబరు గట్టిగా చదివారు. రాసుకునే ఆవిడ వెనక బెంచీలో ఉందట, వినపడాలి కదా మరి. మా అమ్మాయి నంబరు చదవగానే ఎవరో 'లారీ' అన్నారు. ఆ రోజు నుంచి టిఫిన్ బాక్సు తెరవకుండా తెచ్చేది. నేను నాలుగు రోజులు కూర నచ్చలేదేమో అనుకుని కూరలు మార్చాను. ఐదో రోజు పొద్దున ప్రేయర్లో కళ్లు తిరిగి పడిపోయింది. స్కూలు వాళ్లు ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా? 'మేడమ్, పిల్లకి సరిగ్గా తిండి పెట్టట్లేదా?' వారం ముందు అదే స్కూలు రిపోర్టు కార్డులో 'తల్లిదండ్రులు ఆహారం నియంత్రించాలి' అని రాసి పంపింది.

కూకట్‌పల్లి గారూ, మీరు రాసింది మళ్లీ చదవండి. పల్లెలో పిల్ల బక్కగా ఉంటే సర్కారును అడుగుతున్నారు. పట్నంలో పిల్ల లావైతే అమ్మను అడుగుతున్నారు. ఆ స్కూలు గేటు పక్కనే పఫ్పులు, కూల్‌డ్రింకులు అమ్మే బడ్డీ ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి గేటుకి 50 మీటర్ల లోపల అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. ఎవరు కొలిచారు ఆ 50 మీటర్లు? నేను కొలిచాను. పద్నాలుగు అడుగులు. కరస్పాండెంటుకి చెప్తే 'అది మా కాంపౌండు బయట మేడమ్' అన్నాడు.

నేను పొద్దున ఐదింటికి లేచి వండి, ఎనిమిదిన్నర బస్సుకి ఆఫీసుకి పోతాను. ఓపిక గురించి నాకు చెప్పొద్దు.

చద్దన్నం | 3:05

అక్కా, మీ అమ్మాయి ఇప్పుడు ఎలా ఉంది?

బెజవాడ బిందు | 3:09

తింటోంది. స్కూలు మార్చాం. ఫీజు కొంత పోయింది.

మన్యం పంతులమ్మ | 3:40

బిందు గారూ, మేం కూడా మిషన్ అలాగే క్లాసు ముందే వేస్తాం. మా బడిలో 'పుల్ల' అంటారు పిల్లలు. నేను విని నవ్వుకున్నాను కూడా ఒకటి రెండుసార్లు. ఈసారి స్టాఫ్ రూములోకి ఒక్కొక్కళ్లనే పిలుస్తాను.

కూకట్‌పల్లి నాన్న | సాయంత్రం 4:22

బయటికి పోయి వచ్చాను.

బిందు గారూ, తల్లుల మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. మా ఇంట్లో పొద్దున అదే గొడవ జరిగింది, ఆ కోపం ఇక్కడ రాశాను. మావాడు ఆరో తరగతి, 58 కిలోలు. ఏడాదికి లక్షకు పైన ఫీజు కడుతున్నా. స్కూలు నాలుగంతస్తుల బిల్డింగు, గ్రౌండ్ లేదు. సెల్లార్లో బస్సులు బయటికి పోయాక అక్కడ ఆడిస్తారట. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు ఉండేవి, ఈ ఏడు వాటిని ఐఐటీ ఫౌండేషన్‌కి ఇచ్చారు. అడిగితే 'పేరెంట్సే అడిగారు సార్' అన్నారు. నిజమే, మీటింగులో చెయ్యి ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నా.

ఇంకోటి. 'గంజి తాగి బతికాం, ఏమైంది' అని పొద్దున రాశాను. నాకు 42. షుగర్ వచ్చి మూడేళ్లయింది. నేనేం లావు కాదు, పొట్ట ఒక్కటే.

లెక్కల మాస్టారు | 4:50

దాని గురించి పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చాలా ఏళ్లు పనిచేశారు. మన పిల్లలు పుట్టేటప్పుడు బరువు తక్కువే, కానీ ఆ తక్కువ బరువులోనూ కండ కంటే కొవ్వు పాలు ఎక్కువ అని తేల్చారు. కడుపులో ఉన్నప్పుడూ చిన్నప్పుడూ తిండి చాలని ఒంటికి, తర్వాత తిండి ఎక్కువైతే తట్టుకునే శక్తి తక్కువ. పైన చెప్పిన సర్వేలోనే 10–19 ఏళ్ల పిల్లల్లో దాదాపు పది మందిలో ఒకరికి షుగర్ ముందు దశ కనిపించింది. అధిక బరువు ఉన్నవాళ్లు ఐదు శాతమే అని పొద్దున చెప్పాను కదా. అంటే వాళ్లలో చాలామంది లావు కాదు. ఆ 28 కిలోల అమ్మాయి రేపు పట్నం వచ్చి హాస్టల్ తిండి, పఫ్పులు తింటే మీలాగే అవ్వొచ్చు. బక్క పిల్లలూ బొద్దు పిల్లలూ వేరే వేరే పిల్లలు అనుకుని పొద్దున్నుంచి కొట్టుకుంటున్నాం.

వంటక్క కొడుకు | 5:05

మాస్టారు చెప్పింది మా మేనమామే. కూలికి పోయినన్ని రోజులు పుల్లలా ఉండె. హైదరాబాద్ వచ్చి వాచ్‌మన్ అయినంక ఐదేళ్లలో బీపీ, షుగర్ రెండూ వచ్చినయి.

నెల్లూరు చేపలపులుసు | 5:11

నేను తెల్లన్నం అన్నప్పుడు ఎవరూ వినలేదు.

కూకట్‌పల్లి నాన్న | 5:20

అయినా చిక్కీ విషయంలో నేను మారలేదు. పల్లీలు ఉడకబెట్టి ఇవ్వొచ్చు కదా, బెల్లం ఎందుకు?

మన్యం పంతులమ్మ | 5:26

ఉడకబెట్టిన పల్లీలు సాయంత్రానికి జిగురు వస్తాయి. చిక్కీ జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లొచ్చు.

లెక్కల మాస్టారు | 5:31

కూకట్‌పల్లి గారూ, మీవాడి బరువు చెప్పారు, ఎత్తు చెప్పలేదు. 58 ఒక్కటే తెలిస్తే ఏమీ తేలదు.

కూకట్‌పల్లి నాన్న | 5:44

తెలీదు మాస్టారూ. రాత్రికి గోడకు నిలబెట్టి కొలుస్తా, వాడు ఒప్పుకుంటే. వాళ్ల అక్కను వేరే గదిలోకి పంపించి.