అప్‌డేట్: గుర్రం ఇన్సూరెన్స్ ప్రీమియం సంగతి తేలింది

మొయినాబాద్‌లో ఉంచిన మా 12 ఏళ్ల ఆడగుర్రానికి ప్రీమియం మరీ ఎక్కువ చెబుతున్నారని పోయిన నెల అడిగాను కదా. "వాడకం ఏమని రాశారో చూడండి" అన్నవారికి థాంక్స్, కిటుకు అక్కడే ఉంది. ఏజెంటు ఫారంలో 'రేసు గుర్రం' అని టిక్ పెట్టాడు! ఆదివారం మా అమ్మాయిని ఎక్కించుకుని చెరువు గట్టు దాకా నడిచే గుర్రం అది. సొంత సవారీకి అని మార్చాక, 2 లక్షల విలువకు 19 వేలు కాస్తా 9 వేలకు దిగింది.

వెటర్నరీ డాక్టర్ వచ్చి పళ్లు చూసి వయసు, నుదుటి మీది చుక్క, ఎడమ వెనక కాలి తెలుపు రాసుకుని సర్టిఫికెట్ ఇచ్చారు. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ లేదని నేను పడ్డ టెన్షన్ అనవసరం, ఈ పాలసీకి ఫొటోలు సరిపోయాయి.

ఒకటి మాత్రం చూసుకోండి: ఈ పాలసీలో గుర్రం చనిపోతేనే డబ్బు వస్తుంది. కడుపునొప్పికి ఆపరేషన్ చేయించాల్సి వస్తే ఆ ఖర్చు మనదే.