ఏడాది దాటినా కష్టకాలం తీరట్లేదు, టీమ్‌ని ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఓ మోస్తరు కంపెనీలో టీమ్ లీడ్‌ని. ఆర్డర్లు పడిపోయి ఏడాది దాటింది, మొదట్లో అందరూ రాత్రీ పగలూ చూడకుండా పనిచేశారు, ఇప్పుడేమో మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పట్లేదు, బాగా చేసేవాళ్లు కూడా "మీరెలా అంటే అలాగే సార్" అని వదిలేస్తున్నారు. పైవాళ్లు "ఇంకో మూడు నెలలు ఓపిక పట్టమనండి" అంటారు, ఆ మాట ఇప్పటికే చాలాసార్లు చెప్పాం. ఉన్నదున్నట్టు చెప్పేస్తే మిగిలినవాళ్లు కూడా వెళ్లిపోతారేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు 1:
ముందు ఆ "మూడు నెలలు" మాట మానేయండి సార్. అమెరికా నేవీ అధికారి జేమ్స్ స్టాక్‌డేల్ 1965 నుంచి 1973 దాకా వియత్నాంలో యుద్ధఖైదీగా ఉన్నాడు. క్రిస్మస్‌కి బయటపడతాం, కాదు ఈస్టర్‌కి అని తేదీలు పెట్టుకున్నవాళ్లే చివరికి కుంగిపోయారని ఆయన తర్వాత చెప్పాడు. ఆఫీసు జైలు కాదు గానీ మనసు తీరు అదే. వారానికోసారి ఒకే రోజు, ఒకే టైమ్‌కి కూర్చోబెట్టి ఏం తెలుసో, ఏం తెలీదో, మళ్లీ ఎప్పుడు చెప్తారో చెప్పండి. కొత్త సంగతి లేకపోయినా ఆ మీటింగ్ క్యాన్సిల్ చేయొద్దు, ఒక్కసారి మానేశారంటే ఏదో దాస్తున్నారని పుకార్లు మొదలవుతాయి.

జవాబు 2:
నేను హెచ్ఆర్‌లో చేస్తాను. మీరు చెప్పేది బద్ధకం కాదండీ, బర్నవుట్‌లా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 అనే తన జబ్బుల పట్టికలో దీన్ని జబ్బు అనలేదు, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా చూసుకోకపోతే వచ్చేదని రాసింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, చేసేదానికి ఫలితం లేదనిపించడం. అందుకే యోగా క్లాస్ ఒకటి పెట్టేసి సరిపెట్టుకుంటే కుదరదు, పని తగ్గించాలి. ఎవరూ తెరిచి చూడని రోజువారీ స్టేటస్ షీట్ ఒకటి ప్రతి టీమ్‌లోనూ ఉంటుంది, దాన్ని ఈ రోజే ఆపేయండి. ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నప్పుడు "ఎలా ఉన్నావ్" అంటే "బాగానే ఉన్నా సార్" అనే వస్తుంది, "ఈ వారం నీ మీంచి ఏ పని తీసేయను" అని అడగండి, అప్పుడు మాట్లాడతారు. చెప్పింది నిజంగా తీసేయాలి మరి.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. ఆ స్టేటస్ షీట్ మా దగ్గరా ఉంది. కొంతమందిని తీసేయాలని పైన మాట నడుస్తోంది, దాని గురించి కూడా చెప్పగలరా?

జవాబు 3:
తీసేయడం ఒక్కటే దారి కాదని మీ పైవాళ్లకి గట్టిగా చెప్పండి. 2009 మాంద్యంలో అమెరికాలో బ్యారీ-వెమిల్లర్ అనే యంత్రాల కంపెనీకి ఆర్డర్లు బాగా పడిపోతే, సీఈవో బాబ్ చాప్‌మన్ ఉద్యోగాలు తీయకుండా పైనుంచి కిందిదాకా అందరికీ నాలుగు వారాలు జీతం లేని సెలవు పెట్టించాడు, తన జీతం 10,500 డాలర్లకి తగ్గించుకున్నాడు. కాస్త వెసులుబాటు ఉన్నవాళ్లు ఇబ్బందిలో ఉన్నవాళ్ల వారాలు కూడా తామే తీసుకున్నారు. అన్ని కంపెనీలకీ ఇది కుదరదు, ఒప్పుకుంటా. తప్పదు అనుకుంటే ఒకేసారి తీసి, ఎందుకు తీశారో మొహం మీదే చెప్పండి, నెలకి ఇద్దరు చొప్పున తీస్తే మిగిలినవాళ్లు పని వదిలేసి తమ వంతు ఎప్పుడా అని చూస్తూ కూర్చుంటారు. ఇంకోటి, మీరు కూడా లీవ్ పెట్టండి. మీరు రాత్రి పదకొండింటికి మెయిల్ పెడుతున్నంత కాలం, రెస్ట్ తీసుకోమని మీరెంత చెప్పినా టీమ్‌లో ఎవరూ తీసుకోరు.