చీమలు పెట్టిన పుట్టలు: నాలుగో పాదంలో జారిన అక్షరం

అరసున్న: పొద్దుటి నుంచి సుమతీ శతకంలోని ఒక కందపద్యం నోట్లో కుంటుతోంది.

చీమలు పెట్టిన పుట్టలు
పాముల కిరవైన యట్లు పామరుఁడు దగన్
హేమంబు కూడఁబెట్టిన
భూమీశుల పాఁ జేరు భువిలో సుమతీ

నాలుగో పాదం చూడండి. భూమీ, శులపాఁ వరకు సరే. మూడో గణం "జేరుభు" అని భగణం పడుతోంది. అక్కడ నలమో జగణమో ఉండాలి. మొత్తం మీద ఒక లఘువు తక్కువ. ఆ అక్షరం ఏమిటి?

గణగణ: "భూమీశుల పాలఁ జేరు". లఁజేరు జగణం, భూ–భు యతి, అన్నీ కుదిరాయి. "చేరు" కాస్తా "జేరు" అయిందంటే ముందు ద్రుతం, అంటే నకారం, ఉందన్నమాట. పాలన్ + చేరు. ఫోన్లలో తిరిగే ప్రతుల్లో అరసున్న బతికింది, "ల" చచ్చింది.

పొలంగట్టు: నాలుగో పాదం తర్వాత. మొదటి అక్షరం దగ్గరే తిరకాసు ఉంది. పుట్ట పెట్టేది చీమ కాదు, చెద. మన వైపు నిలువు మడతలతో, బురుజుల్లా లేచే పుట్టల్లో ఎక్కువ భాగం ఒడొంటోటెర్మిస్ ఒబెసస్ అనే చెదవి. చెదలు బొద్దింకల వంశం, చీమలు కందిరీగల వంశం. తొలకరికి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లలో ఒకదాన్ని పట్టి చూడండి: నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము లేదు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి. రెక్కల చీమకి ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం, మీసం మోచేయిలా వంగుతుంది. సుమతీ శతక కవికి ఇవి తెలియవనుకోవాలా?

గణగణ: తెలియక కాదు, ప్రాస. చీమ, పాము, హేమం, భూమీశులు: నాలుగు పాదాల్లోనూ "మ", దాని ముందు నాలుగు చోట్లా గురువు. "చెదలు" వేస్తే ప్రాసాక్షరం పోయింది, పైగా "చె" లఘువు. పాముని ఉంచాలంటే చీమే రావాలి.

నేరేడుచెట్టు: అంత తేలిగ్గా ప్రాస మీదకి నెట్టేయకండి. ఈ పోలికకి చీమే కావాలి. మూడో పాదంలో "కూడఁబెట్టిన" ఉంది, మొదటి పాదంలో "పెట్టిన" ఉంది. గింజలు మోసుకెళ్లి నేలలో దాచే చీమలున్నాయి కదా, పిసినారికి అవే సరైన జత. మన్ను చుట్టూ పూరేకుల్లా అంచులు కట్టుకునే చీమల పుట్టలు గట్ల మీద కనిపిస్తాయి.

పొలంగట్టు: కనిపిస్తాయి, బెత్తెడు ఎత్తు కూడా ఉండవు. వాటి కన్నంలో వేలు పట్టదు, ఇక పాముకి ఇరవు, అంటే నివాసం, ఎక్కడ? ఇంకో సంగతి. బతికున్న చెదల పుట్టలోకి కూడా పాము నేరుగా దూరలేదు. పైన పెచ్చు గట్టి, పెద్ద ద్వారం ఉండదు. పాము తవ్వుకోలేదు. ఎలుగుబంటి గోళ్లతో చీల్చాలి, లేదా అలుగు తవ్వాలి, లేదా పందికొక్కు పక్కనుంచి బొరియ వేయాలి, కాదంటే వానకి ఒక మూల విరగాలి. అప్పుడు నాగుపామో జెర్రిపోతో చేరుతుంది. లోపల తేమ తగ్గదు, ఎండ తగలదు, గుడ్లకి బాగుంటుంది, ఎలుకలు పక్కింట్లోనే. చెదలు విడిచిన గదుల్లో చీమలూ కాపురం పెడతాయి. కవి చూసింది అలాంటి పుట్టే కావచ్చు: చీమలు కనిపించాయి, పాము కనిపించింది, మేస్త్రీ కనిపించలేదు.

గణగణ: "మేస్త్రీ కనిపించలేదు", బాగుంది. కానీ వేమనకి కనిపించాడు.

అరసున్న: వేమన దగ్గరికి వెళ్లామంటే ఇక నా "ల" సంగతి అంతే.

గణగణ: "పుట్టలోన చెదలు పుట్టవా గిట్టవా". ఆటవెలదిలో ప్రాస నియమం లేదు, ఆయన చూసింది చూసినట్టు రాశాడు.

నేరేడుచెట్టు: "పుట్టదా గిట్టదా" అనే పాఠమూ ఉంది, నాకు అదే ఇష్టం. "పుస్తకానికి చెదలు పట్టింది" అంటాం కదా. "లు" ఉన్నా క్రియ ఏకవచనం. వేలకి వేలు ఉన్నా ఒకే జీవిలా లెక్క.

పొలంగట్టు: ఆ ఏకవచనం వెనక గట్టి సంగతే ఉంది. పుట్టలో మామూలుగా ఒక రాణి, ఒక రాజు, మిగతావి గుడ్లు పెట్టని పనివాళ్లూ సైనికులూ. పైభాగం గునపంతో కూల్చినా రాణి గది నేల మట్టం దగ్గర చెక్కుచెదరకుంటే మళ్లీ లేపేస్తాయి. చేలల్లో పుట్ట కొట్టేసి పీడ వదిలిందనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. గాలి కూడా ఒక ఒంట్లో ఆడినట్టే ఆడుతుంది. ఈ జాతి పుట్టల మీదే 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం, పగలు పలచని బయటి మడతలు త్వరగా వేడెక్కి గాలి వాటిలో పైకి, నడిమి గొట్టంలో కిందికి పోతుంది. రాత్రి అవే ముందు చల్లబడి దారి తిరగబడుతుంది.

కొత్తసభ్యుడు: మరి పాముకీ చెదకీ ఉన్న ఆ సంబంధాన్ని ఏమంటారండీ? పాఠ్యపుస్తకంలో సహభోజకత్వం అని ఉంది. ఇక్కడ భోజనం ఏదీ?

నేరేడుచెట్టు: మంచి ప్రశ్న. ఒకరికి లాభం, రెండోవారికి లాభనష్టాలు లేకపోతే ఆ పేరు పెట్టారు. మాట భోజనం బల్ల దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ దొరికేది ఇల్లు, కాబట్టి "సహవాసం" చాలు.

గణగణ: సహవాసం అంటే మనకి స్నేహం. పాముతో సహవాసం సామెతలకి పనికొస్తుంది గానీ శాస్త్రానికి కాదు. సుమతి మాటే తీసుకోండి, ఇరవు. "ఇరవుదారీ" అనండి, పోదా?

పొలంగట్టు: ఇరవుదారీ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితంలా ఉంది. నిజంగా ఇచ్చిపుచ్చుకోవడం చూడాలంటే మన భాషలోనే ఉన్న మాట చూడండి: పుట్టగొడుగు. ఊరికే పెట్టిన పేరు కాదు. ఈ చెదలు ఎండుటాకూ పుల్లా నమిలి, ఆ విసర్జనతో స్పాంజిలా చిల్లులున్న దిమ్మెలు కడతాయి. వాటి మీద టెర్మిటోమైసిస్ అనే బూజు పెరుగుతుంది. చెద సొంతంగా అరిగించుకోలేని కలపలోని గట్టి పదార్థాన్ని బూజు విరగ్గొడుతుంది. తర్వాత చెదలు ఆ పాత దిమ్మెనే తింటాయి. బూజుకి దక్కేది ముక్కలు చేసిన మేత, తేమ, పరాయి బూజుల నుంచి కాపలా. వానలకి అదే బూజు నేల చీల్చుకుని గొడుగై లేస్తుంది. మెల్లగా లాగితే కాడ కింద తోకలా పొడుగాటి వేరు వస్తుంది, అది దిమ్మె దాకా పోతుంది. పేడ మీద మొలిచేవాటిలో చాలావాటికి ఆ తోక ఉండదు.

కొత్తసభ్యుడు: అయితే తోక ఉంటే తినొచ్చా?

పొలంగట్టు: తోక ఒక్కటీ చాలదు, తెంపేటప్పుడు విరిగి లోపల ఉండిపోతుంది కూడా. ముదిరిన గొడుగుని తెల్ల కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచితే పొడి రాలుతుంది. ఆకుపచ్చగా రాలితే అది వాంతులు పట్టించే రకం. లేత గులాబీ ఛాయ ఈ చెదల పుట్టగొడుగుది. అయినా తెలిసిన చేయి చూడనిదే కూరలో వేయకండి.

నేరేడుచెట్టు: నా పేరుకి తగ్గట్టు ఒక ముక్క. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో, నేరేడు చెట్టుకి తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే చెట్టుకి దక్షిణాన రెండు పురుషుల లోతులో తియ్యని నీరు అన్నాడు. మన్ను తడిపి ముద్ద చేయడానికి చెదకి నీరు కావాలి కదా. అక్కడ ఉన్నది వల్మీకం, అంటే పుట్ట. చీమా కాదు, చెదా కాదు, ఇల్లు మాత్రమే.

పొలంగట్టు: పుట్ట ఉన్న ప్రతిచోటా బోరు వేయిస్తే ఖాళీ గొట్టాలు మిగులుతాయి. కొంత తేమ చాలు దానికి.

గణగణ: వల్మీకం దాకా వచ్చాం కాబట్టి ఆదికవి వాల్మీకి దగ్గర ఆగుదామా?

అరసున్న: ఆగండి. "పాలఁ జేరు" అన్నారు, సరే. నిన్న ఇంకో ప్రతి చూశాను, "భూమీశుల పాలి కేగు" అని ఉంది. గణమూ కుదిరింది, యతీ కుదిరింది. అందులో "జ" లేదు, కాబట్టి ద్రుతం వాదన నిలవదు. ఏది తీసుకోను?

గణగణ: ఆ ప్రతిలో మొదటి పాదం ఎలా ఉందో ముందు చెప్పండి. "చీమలు" అనే ఉందా?