క్లాష్ ఆఫ్ క్లాన్స్: పాత ప్లేయర్లకే ముందు విసుగు ఎందుకొస్తోంది?

తాటిముంజ (ప్రశ్న)

క్లాష్ ఆఫ్ క్లాన్స్ మొబైల్ గేమ్‌లో మా క్లాన్‌లో (జట్టులో) 46 మంది ఉన్నారు. టౌన్‌హాల్ (ఊరి ప్రధాన భవనం, ఆటగాడి స్థాయి దాన్ని బట్టే) 12, 13 దగ్గరున్న కొత్తవాళ్లు రోజూ అటాక్‌లు కొడతారు, అడిగిన ట్రూప్స్ (సైన్యం) ఇస్తారు. ఇబ్బందంతా 2014, 15 నుంచి ఆడుతున్న సీనియర్లతోనే. క్లాన్ వదలరు, అలాగని ఆడరు. లాగిన్ అయి బిల్డర్లను పనిలో పెట్టి వెళ్లిపోతారు. ఇంకో క్లాన్‌తో జరిగే వార్‌లో పెడితే తమకున్న రెండింటిలో రెండో అటాక్ ఉండదు, ఏడు రోజుల వార్ లీగ్‌లో పెడితే ఏదో ఒక రోజు మిస్సవుతుంది. చేతకాక కాదు, కూర్చుంటే మూడు స్టార్లు (అటాక్‌లో పూర్తి విజయం) ఖాయం. లోపం ఆటలో ఉందా, మేం క్లాన్ నడిపే తీరులో ఉందా? కిక్ చేసే ఉద్దేశం లేదు. వాళ్లుంటేనే అది క్లాన్.

లావాలూన్_కర్నూలు

సగం కారణం ఆటలోనే ఉందండీ. కొత్త టౌన్‌హాల్స్ వచ్చిన తేదీలు వరసగా చూడండి: టౌన్‌హాల్ 11 2015 డిసెంబర్‌లో, 12 2018 జూన్‌లో, 13 2019 డిసెంబర్‌లో, 14 2021 ఏప్రిల్‌లో, 15 2022 అక్టోబర్‌లో, 16 2023 డిసెంబర్‌లో, 17 2024 నవంబర్‌లో. ఒకప్పుడు రెండింటి మధ్య 30 నెలల ఎడం ఉండేది, 17 వచ్చేసరికి అది 11 నెలలకొచ్చింది. పాతవాళ్లకి అసలు ఆనందం బేస్ (తమ ఊరు) మాక్స్ అయ్యాక, అంటే అన్నీ పై లెవల్‌కి చేరాక మొదలయ్యేది. కట్టాల్సిందేమీ ఉండదు, హీరోలందరూ ఖాళీగా ఉంటారు, ఇక అటాక్ మీదే ధ్యాస. ఆ విరామం ఇప్పుడు దాదాపు లేదు. గోడలు పూర్తవకముందే పై లెవల్ వచ్చేస్తుంది. దానికితోడు అప్‌గ్రేడ్‌లో ఉన్న హీరో చాలా ఏళ్లు వార్‌కి వచ్చేవాడు కాదు. అంటే కొత్త టౌన్‌హాల్ వచ్చిన ప్రతిసారీ కొన్ని నెలలు సీనియర్ సగం బలంతోనే ఆడాల్సి వచ్చేది.

రెండోది, చేసిన కష్టానికి విలువ తగ్గడం. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కింది లెవల్స్ ఖర్చూ సమయమూ తగ్గిస్తారు. కొత్తవాళ్లు త్వరగా పైకి రావాలి కాబట్టి అది అవసరమే. కానీ ఏళ్ల తరబడి ఎలిక్సిర్ (అప్‌గ్రేడ్‌లకి ఖర్చుపెట్టే వనరు) పోగేసినవాడికి ఆ పని ఇప్పుడు నెలల్లో అయిపోతుంటే మనసు చివుక్కుమంటుంది.

మూడోది డిసెంబర్ 2023లో వచ్చిన హీరో ఎక్విప్‌మెంట్ (హీరోలకి తగిలించే సామగ్రి). కామన్ రకం 18 లెవల్స్, ఎపిక్ రకం 27, వాటిని పెంచడానికి మళ్లీ మూడు రకాల ఓర్ (ఖనిజం). నా దృష్టిలో సీనియర్లను బాగా అలసగొట్టింది ఇదే. భవనాల మెట్లు ఎక్కి పైకి వచ్చాక పక్కన ఇంకో మెట్ల వరస కనపడింది. అదే అప్‌డేట్‌లో వచ్చిన రూట్ రైడర్లనే ట్రూప్స్‌ను ఒక పక్కనుంచి వరసగా దించితే చాలా బేస్‌లు పడిపోయేవి. క్వీన్ చార్జ్‌లో (హీలర్ల అండతో క్వీన్ హీరోని ముందుకి పంపే అటాక్‌లో) హీలర్లను ఎప్పుడు వదలాలి, ఎయిర్ డిఫెన్స్ ఎటువైపు నుంచి తీయాలి అని ఏళ్లపాటు సాధన చేసినవాళ్లకి ఆ నేర్పుతో పనే లేకుండా పోయింది.

వరంగల్_వాల్‌బ్రేకర్

పైన చెప్పినవన్నీ నిజమే, కానీ అవి విసుగు తెప్పిస్తాయి, మనిషిని క్లాన్ నుంచి విడదీయవు. విడదీసేది ఇంకొకటి: ఒకరితో ఒకరికి పని లేకపోవడం.

ముందు ఆర్మీ తయారవడానికి ఎలిక్సిర్ ఖర్చయ్యేది, సమయం పట్టేది. ఆ కాసేపూ చాట్‌లో కూర్చునేవాళ్లు. 2022లో ఖర్చు తీసేశారు, మార్చి 2025లో సమయమూ తీసేశారు. క్లాన్ క్యాసిల్ (తోటివాళ్లిచ్చిన ట్రూప్స్ ఉండే కోట) నిండాలంటే "డ్రాగన్ ఎవరైనా ఇవ్వండి" అని అడగాల్సి వచ్చేది, 2022 నుంచి రైడ్ వీకెండ్‌లో వచ్చే రైడ్ మెడల్స్ పెట్టి ఎవరికి వాళ్లే నింపుకోవచ్చు. గ్లోబల్ చాట్ 2019లోనే పోయింది. ఒక్కొక్క మార్పూ సౌకర్యమే, కాదనను. అన్నీ కలిస్తే మాత్రం పక్కవాడి అవసరం పోయింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లోనూ ఇదే నడిచింది. 2014 నవంబర్‌లో కొత్త ఎక్స్‌పాన్షన్‌తో సబ్‌స్క్రైబర్లు కోటి దాటారు, 2015 మధ్యకొచ్చేసరికి 56 లక్షలకి పడిపోయారు. కంటెంట్ త్వరగా అయిపోవడం ఒక కారణమనుకోండి. కానీ అందులో గారిసన్ అని ఎవరికి వాళ్లకి సొంత కోట ఇచ్చారు, గనులూ మూలికలూ పనివాళ్లూ అన్నీ అందులోనే. రోజు పని ఒంటరిగా ముగించుకుని లాగ్‌అవుట్ అయ్యేవాళ్లు. మీ సీనియర్లు బిల్డర్లను పెట్టి వెళ్లిపోవడం అచ్చం అదే.

ఒక గుర్తు చెబుతాను. ప్రొఫైల్‌లో ట్రూప్స్ డొనేటెడ్ సంఖ్య చూడండి, అది ప్రతి సీజన్‌కీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆడటం మానేసే మనిషికి ముందు డొనేషన్ తగ్గుతుంది, తర్వాత చాట్, తర్వాత వార్‌లో రెండో అటాక్. డొనేషన్ తగ్గిన దశలో పలకరిస్తే తిరిగొస్తారు. రెండో అటాక్ మానేశాక పిలిస్తే మొహమాటానికి ఒక వార్ ఆడతారు, అంతే.

బొబ్బిలి_బార్బ్

తాటిముంజ గారూ, ఆటని మనం మార్చలేం కానీ క్లాన్ టైమ్‌టేబుల్ మన చేతిలో ఉంది. ఒక వార్‌కి ప్రిపరేషన్ 23 గంటలు, బ్యాటిల్ 24, మొత్తం 47. ఒకటి అవగానే ఇంకోటి పెడుతూ పోతే వారానికి మూడున్నర వార్‌లు. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకి అది డ్యూటీ అయిపోతుంది. వారానికి ఒక్కటి పెట్టండి, శుక్రవారం రాత్రి 10కి సెర్చ్ మొదలుపెట్టండి. బ్యాటిల్ శనివారం రాత్రి 9 నుంచి ఆదివారం రాత్రి 9 వరకు పడుతుంది. ఒక రాత్రీ, ఒక పూర్తి సెలవు రోజూ దొరుకుతాయి. డల్లాస్ వైపు మనవాళ్లున్నా వాళ్లకి శనివారం ఉదయం పదిన్నరకి మొదలవుతుంది, శీతాకాలంలో తొమ్మిదిన్నరకి. రైడ్ వీకెండ్ (క్లాన్ అంతా కలిసి వారాంతంలో చేసే దాడులు) కూడా అప్పుడే నడుస్తుంది కాబట్టి అందులో ఒక్కొక్కరికుండే ఆరు అటాక్‌ల గురించి సీనియర్లను ఒత్తిడి చేయకండి.

వార్ ప్రిఫరెన్స్ (వార్‌కి వస్తారో రారో చూపే గుర్తు) ఆకుపచ్చగా ఉన్నవాళ్లనే తీసుకోండి. పది మందే ఉంటే పది మందితోనే పెట్టండి. 30 మందిని నింపడం కోసం ఎర్రగా పెట్టుకున్నవాళ్లను లాగితే మీరు చెప్పిన మిస్ అయిన అటాక్‌లు అక్కడే పుడతాయి.

ఇక సీనియర్లకి తమ నేర్పు చూపించే పని ఇవ్వండి. కొత్త లేఅవుట్ కట్టి చాట్‌లో ఫ్రెండ్లీ చాలెంజ్ (దాని మీద క్లాన్‌వాళ్లే చేసే సరదా అటాక్) పెట్టమనండి. మూడు స్టార్లు పడితే ఎక్కడ తెరుచుకుందో రీప్లే చూసి వాళ్లే చెబుతారు. అటాక్ చేసేవాళ్లకీ పోయేదేమీ లేదు. ఒక సీనియర్‌కి కో-లీడర్ ఇచ్చి లైనప్ పూర్తిగా అప్పజెప్పండి, మధ్యలో మీరు మార్చకండి.

తాటిముంజ

లీగ్ సంగతేంటి? ఏడు రోజులూ ఒకే 15 మందిని ఆడిస్తున్నాం.

బొబ్బిలి_బార్బ్

అక్కడే నలిగిపోతున్నారు. సైన్‌అప్‌లో 20 మందికి పైగా పెట్టండి, ప్రిపరేషన్ రోజున లైనప్ మార్చుకోవచ్చు. మెడల్స్ పూర్తిగా రావడానికి 8 స్టార్లు చాలు. మూడేసి కొట్టే సీనియర్‌కి మూడు అటాక్‌లతో 9 వస్తాయి, నాలుగు రోజులు విశ్రాంతి. గట్టి క్లాన్ ఎదురైన రోజుల్లోనే వాళ్లని దించండి, మిగతా రోజులు టౌన్‌హాల్ 13 వాళ్లకివ్వండి. బోనస్ మెడల్స్ ఎక్కువ స్టార్లు తెచ్చినవాళ్లకే కాకుండా వంతులవారీగా ఇవ్వండి, ఈ నెల ఎవరికిచ్చారో క్లాన్ మెయిల్‌లో పెట్టండి. లేకపోతే ఎవరూ పైకి అనరు కానీ లోపల ఉంటుంది.

తాటిముంజ

సరే అండీ. ఈ శుక్రవారం 10 మందితోనే సెర్చ్ పెడతాను. లైనప్ బాధ్యత 2014 నుంచి ఉన్నాయనకి ఇస్తాను. డొనేషన్లు కూడా ఇప్పుడే తీసి చూశాను, ఇద్దరివి ఈ సీజన్‌లోనే తగ్గాయి. ముందు వాళ్లతో మాట్లాడతాను.