అప్‌డేట్: బల్లార్‌పూర్ ఇంటికి ఎయిర్ ప్యూరిఫైయర్ కొన్నాం

మొన్న అడిగింది నేనే. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో ఉంటాం, కిటికీ తీస్తే బొగ్గు దుమ్ము, మూస్తే కొత్త ప్లైవుడ్ కబోర్డుల ఘాటు, అమ్మకేమో ఆయాసం, ఏ ఫిల్టర్ కొనాలి అని.

మీరు చెప్పిందే నిజం. హెపా, అంటే సన్నటి దుమ్మును పట్టే ఫిల్టర్, 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం ఆపుతుంది, కానీ వాయువులను ఆపలేదు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాయువులను పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు కావాలి. ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువును మామూలు కార్బన్ కూడా సరిగా పట్టదట, పొటాషియం పర్మాంగనేట్ కలిపినది మేలు.

షాపులో మొదట చూపించిన దాంట్లో కార్బన్ అంటే నల్లపొడి చల్లిన పల్చటి స్పాంజి. వెలుగుకు పట్టి చూస్తే అవతల నా వేళ్లు కనిపించాయి. వద్దన్నాను. గింజల కార్బన్ నిండుగా ఉన్న బరువైన ఫిల్టర్‌దే తీసుకున్నాం.

అమ్మ గది 120 చదరపు అడుగులు. ప్యూరిఫైయర్ నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల (సీఎఫ్ఎం) శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేదే సీఏడీఆర్. అది గది చదరపు అడుగుల్లో మూడింట రెండు వంతులు, అంటే 80 ఉంటే చాలన్న లెక్క 8 అడుగుల సీలింగుకే. మాది 10, అందుకే 100 ఉన్నది చూశాం.

వారానికే ముందుండే జాలి, అంటే ప్రీ-ఫిల్టర్ మీద వేలు పెడితే కాటుకలా అంటింది. అమ్మ రాత్రుళ్లు దగ్గకుండా పడుకుంటోంది, అదే నాకు పెద్ద ఊరట. ఘాటు మాత్రం కబోర్డు తలుపులు తెరిచి, రోజూ కాసేపు ఫ్యాన్‌తో గాలి బయటికి పంపాకే తగ్గింది. గాలిలోకి విద్యుత్ కణాలు వదిలే అయొనైజర్ బటన్ ఆపే ఉంచాను, దాన్నుంచి ఊపిరితిత్తులకు పడని ఓజోన్ వాయువు వస్తే ఆయాసం ఎక్కువవుతుందని. అందరికీ థాంక్స్ అండి.