వృద్ధాశ్రమం తనిఖీ: ముందే చెప్పి వెళ్ళాలా, చెప్పకుండా వెళ్ళాలా?

తనిఖీ_కాగితం
ప్రైవేటు వృద్ధాశ్రమాన్ని చూడడానికి అధికారులో, స్వచ్ఛంద సంస్థల కమిటీయో వెళ్ళేటప్పుడు ముందుగా ఫోన్ చేసి చెప్పాలా, వద్దా? మన దగ్గర చెప్పి వెళ్ళడమే అలవాటు. ఫలానా రోజు పదకొండింటికి వస్తామంటారు. అక్కడివాళ్ళు దుప్పట్లు మార్చి, ఫినాయిల్ కొట్టి, నడవగలిగినవాళ్ళను హాల్లో కూర్చోబెడతారు. పళ్ళు పంచుతారు, ఫొటో దిగుతారు, తనిఖీ అయిపోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 19వ సెక్షన్ ప్రభుత్వ ఆశ్రమాల గురించి: జిల్లాకు కనీసం ఒకటి, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా పెట్టవచ్చని, వాటి ప్రమాణాలు రాష్ట్రం నిర్ణయించవచ్చని ఉంది. ప్రైవేటువాటికి తప్పనిసరి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తెస్తామని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది పాస్ కాకుండానే 2024లో సభ రద్దవడంతో మురిగిపోయింది. అందుకని వెళ్ళే ఆ ఒక్కసారి ఎలా వెళ్తామన్నదే మన చేతిలో ఉన్న పని. నా మాట: చెప్పొద్దు. ఉదయం ఆరింటికో, రాత్రి ఏడున్నరకో గేటు దగ్గర నిలబడాలి.

ఆశ్రమ_నిర్వాహకుడు
ఉదయం ఆరింటికి మా పని ఎలా ఉంటుందో తెలిసే ఈ మాట అంటున్నారా సార్? 30 మంది, రాత్రి డ్యూటీ ఇద్దరు ఆయాలు. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా డైపర్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, బ్రష్ చేయించడం, షుగర్ చూడడం, ఇన్సులిన్ వేయడం, ఆ తర్వాత టిఫిన్. ఆ సమయంలో నలుగురు ఫైళ్ళు పట్టుకుని వస్తే ఒక ఆయా వాళ్ళ వెంట తిరగాలి. ఇన్సులిన్ వేశాక టిఫిన్ అరగంట లేటైతే షుగర్ పడిపోతుంది. దానికి ఎవరు జవాబు చెబుతారు?

ఇంకో మాట. అది వాళ్ళ ఇల్లు. ఒంటి మీద బట్ట సరిగ్గా లేని పెద్దావిడ గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళే హక్కు తనిఖీ పేరుతో రాదు. చెప్పి వస్తే డాక్టరు గారు ఉంటారు, బిల్లులు అకౌంటెంటు దగ్గర నుంచి తెప్పించి పెడతాం, కుటుంబసభ్యులు కూడా వస్తారు.

వార్డు_నర్సు
ఇద్దరూ గడియారం దగ్గరే ఆగిపోయారు. రెండు రోజులు ముందు చెప్పినా సర్దలేనివి కొన్ని ఉంటాయి. అవి చూడడం వస్తే చెప్పి వెళ్ళినా నష్టం లేదు. రాకపోతే అర్ధరాత్రి గోడ దూకి వెళ్ళినా ఏమీ కనబడదు.

మొదటిది ఒళ్ళు. ఆ మనిషి ఒప్పుకుంటేనే, తెర వేసి, ఆడవాళ్ళను ఆడ నర్సే చూడాలి. మంచం మీదే ఉన్నవాళ్ళకు నడుము కింది ఎముక, తుంటి ఎముకలు, మడమలు, మోచేతులు, చెవి వెనక చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే రంగు తెల్లబడి మళ్ళీ రావాలి. తెల్లబడకపోతే అది ఒకే వైపు పడుకోవడం వల్ల ఒత్తిడికి పడే పుండుకు మొదటి దశ. నల్లగా ఉండే మన చర్మం మీద ఎరుపు తెలియదు, కాబట్టి పక్క చర్మంతో పోల్చి వేడి, గట్టిదనం చేత్తో చూడాలి. రెండు గంటలకోసారి మనిషిని ఇటూ అటూ తిప్పి పడుకోబెట్టినట్టు చార్ట్ ఉంటుంది. రాత్రంతా ఒకే పెన్ను, ఒకే వాలు, సరిగ్గా 10, 12, 2, 4 అని ఉంటే అది పొద్దున కూర్చుని ఒక్క బిగిన రాసిన చార్ట్. కుడికీ ఎడమకీ సమానంగా తిప్పామని రాసి, ఎర్రదనం ఎడమ తుంటి మీద మాత్రమే ఉంటే ఇక అడగాల్సింది లేదు.

ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు) ఉందని మురిసిపోకండి. పంపు మీద బరువు నాబ్ ఆ మనిషి బరువుకు తగ్గట్టు ఉందా? పరుపు కింద, సరిగ్గా నడుము దగ్గర అరచెయ్యి పెట్టండి. ఎముక చేతికి తగులుతుంటే గాలి చాల్లేదు. కరెంటు పోతే పంపు ఇన్వర్టర్ మీద నడుస్తుందా అన్నదీ అక్కడే అడగాలి.

రెండోది కొనుగోలు బిల్లులు. సంతకాల పుస్తకం ఏమైనా చెబుతుంది, డైపర్ బిల్లు అబద్ధం చెప్పదు. 12 మంది పూర్తిగా మంచం మీద ఉన్నారనుకోండి. రోజుకు నాలుగు చొప్పున నెలకు 1,440 కావాలి, అంటే పదేసి ఉండే ప్యాకెట్లు 144. బిల్లులో 60 ప్యాకెట్లే ఉంటే మనిషికి రోజుకు రెండు కూడా పడడం లేదు. గ్లవ్స్ పెట్టెలకు కూడా ఇదే లెక్క. కుటుంబాలే తెచ్చిస్తున్నాయని చెబితే ఎవరెవరు, ఎన్నెన్ని తెచ్చారో పేర్లతో పుస్తకం ఉండాలి.

మూడోది బరువు. నెలకోసారి తూచిన అంకెలు అడగండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే ఎందుకో ఫైల్లో రాసి ఉండాలి. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గడం ముసలితనం వల్ల కాదు. తిండి అందడం లేదు, మింగలేకపోతున్నారు, లేదంటే జబ్బుంది.

మందుల దగ్గర రెండే చూడండి. రాత్రి వేసే మాత్రకు సాయంత్రం నాలుగింటికే సంతకం పడిందా? ఇన్సులిన్ సీసాకు తగ్గ సిరంజే వాడుతున్నారా? మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి 50 యూనిట్లు వెళ్తాయి. ఒకే ట్రేలో రెండు రకాల సిరంజిలు కలిసి ఉంటే, పొరపాటు ఇంకా జరగకపోయినా, అప్పటికప్పుడు విడదీయించాలి.

డల్లాస్_తెలుగు
నర్సు గారి జాబితా బాగుంది కానీ చెప్పి వెళ్ళినా ఫరవాలేదన్నది ఒప్పుకోను. ఇక్కడ అమెరికాలో మెడికేర్, మెడికెయిడ్ (వృద్ధులకు, పేదలకు ఉన్న ప్రభుత్వ వైద్య పథకాలు) డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌ల తనిఖీ చెప్పకుండానే జరగాలని ఫెడరల్ చట్టమే అంటుంది. ఫలానా రోజు వస్తున్నారని లోపలివాళ్ళకు ఎవరైనా ఉప్పందిస్తే జరిమానా ఉంది. రెండు తనిఖీల మధ్య 15 నెలలు దాటకూడదు. వాటిలో కనీసం పదో వంతు శని ఆదివారాల్లోనో, సాయంత్రమో, తెల్లవారుజామునో మొదలవ్వాలి. అసిస్టెడ్ లివింగ్ (రోజువారీ పనుల్లో సాయం దొరికే వృద్ధుల నివాసాలు) వేరే సంగతి, దానికి ఏ రాష్ట్రం రూల్స్ ఆ రాష్ట్రానివే.

వేళ ఎందుకంటే తిండి గురించి కూడా. ఇక్కడి రూల్ ప్రకారం రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య 14 గంటలకు మించకూడదు. పడుకునే ముందు గట్టిగా ఏదైనా పెడితే 16 దాకా సడలింపు. మన ఆశ్రమాల్లో సాయంత్రం ఆరింటికే భోజనాలు పెట్టేసి, టిఫిన్ పొద్దున ఎనిమిదిన్నరకు ఇస్తే ఎంతయిందో చూడండి. పదకొండింటికి వెళ్ళిన కమిటీకి ఇది ఎలా తెలుస్తుంది?

ఫైర్_సేఫ్టీ_వరంగల్
పుండు పడడానికి గంటలో, రోజులో పడుతుంది. పొగకు నిమిషాలు చాలు. రాత్రి చూడాలనడానికి నా కారణం అదీ.

పగలు తెరిచి ఉండే కొల్లాప్సిబుల్ గేటుకు రాత్రి తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్ జేబులో పెట్టుకుంటాడు. ఆ వాచ్‌మన్ వీధి చివర టీ తాగుతుంటాడు. మంచం దిగలేనివాళ్ళు రెండో అంతస్తులో, ఆఫీసు రూము కింద. మెట్ల కింద పాత పరుపులు, డైపర్ల అట్టపెట్టెలు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎయిర్ బెడ్ పంపు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషిన్), దోమల మెషిన్. దేవుడి దీపం ఆక్సిజన్ పెట్టిన మంచానికి మూడడుగుల్లో. వీటిలో మెట్ల కింది పెట్టెలు, దీపం ఫోన్ రాగానే మాయమవుతాయి. ముందే చెప్పొద్దనేది అందుకే.

మంటలార్పే సిలిండర్ల మాట. పౌడర్ ఎక్స్‌టింగ్విషర్‌కు మీటర్ ముల్లు ఆకుపచ్చలో ఉండాలి, పిన్ను సీలు తెగి ఉండకూడదు. కార్బన్ డయాక్సైడ్‌దానికి మీటరే ఉండదు, తూకం వేసి సిలిండర్ మీద కొట్టిన బరువుతో పోల్చాలి. ముల్లు లేదని పాడైందని రాసుకొచ్చే తనిఖీదారులూ ఉన్నారు. ర్యాంపు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. గడప ఒకటిన్నర అడుగు ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు. ఆరడుగుల్లో పోసిన సిమెంటు వాలు మీద వీల్‌చెయిర్ దింపడమంటే తోసేయడమే.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షకు ఖర్చు లేదు. రాత్రి డ్యూటీ ఆయాను ఒక్క ప్రశ్న అడగండి: "ఇప్పుడు పొగ వస్తే మొదట ఎవరిని, ఎటునుంచి దించుతావమ్మా?" దుప్పటితో సహా కిందికి లాక్కెళ్ళడం చేసి చూపించమనండి. ఒక మనిషిని లాగడానికి ఎంత పట్టిందో చూసి, ఆ అంతస్తులో నడవలేనివాళ్ళ సంఖ్యతో హెచ్చించండి.

ఆశ్రమ_నిర్వాహకుడు
తాళం వేయకపోతే మతిమరుపు ఉన్న పెద్దాయన రోడ్డెక్కుతాడు. లారీ కింద పడితే కేసు నా మీదే. మీరంతా తాళం తప్పంటారు, తప్పిపోతే కాపలా లేదంటారు.

ఫైర్_సేఫ్టీ_వరంగల్
తాళం వద్దనలేదు సార్. ఒక తాళంచెవి అదే గేటు పక్కన లోపలివైపు, అద్దం పెట్టెలో ఉండాలి. ఇంకొకటి డ్యూటీ ఆయా నడుముకు ఉండాలి. తలుపు తెరిస్తే మోగే చిన్న బ్యాటరీ అలారం పెడితే పెద్దాయన గుమ్మం దాటేలోపే తెలుస్తుంది. డబ్బు పెట్టగలిగితే ఫైర్ అలారం మోగగానే వదిలేసే మాగ్నెటిక్ లాక్ పెట్టండి, అదీ కరెంటు పోతే తెరుచుకునే రకం.

వార్డు_నర్సు
తాళం కన్నా పెద్ద సమస్య పాత చీర ముక్కతో మంచానికి కట్టేయడం. మణికట్టు చుట్టూ గీతలు చూడండి. మంచం కమ్మీకి గుడ్డ ముడి మిగిలి ఉందేమో చూడండి. మానసిక వ్యాధి ఉన్నవాళ్ళను ఉంచే సంస్థలకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ వర్తిస్తుంది. ముంచుకొచ్చే ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే కట్టాలి. శిక్షగా కట్టకూడదు, మనుషులు తక్కువున్నారని కట్టకూడదు. గుడ్డ కనబడకుండా నిద్రమాత్రతో కట్టేయడమూ ఉంది. మధ్యాహ్నం మూడింటికి హాల్లో అందరూ గడ్డాలు ఛాతీకి ఆనించి నిద్రపోతుంటే క్వెటియాపిన్, లోరాజెపామ్ లాంటి మత్తు తెచ్చే మందులు ఎవరు రాశారో, ఎప్పుడు చివరిసారి తగ్గించి చూశారో చీటీలు అడగాలి.

డల్లాస్_తెలుగు
దూరాన ఉండే పిల్లలు ఏం చేయాలి? చెప్పకుండా వెళ్ళడం మా వల్ల కాదు.

వార్డు_నర్సు
వీడియో కాల్ రోజూ ఒకే వేళకు చేయకండి. రాత్రి ఎనిమిదికి ఒకసారి, పొద్దున ఏడుకు ఒకసారి. ముఖమే కాదు, మడమలు చూపించమనండి. ట్యూబ్‌తో తిండి పెడుతుంటే పెట్టేటప్పుడు కాల్ చేసి తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపి ఉందా చూడండి. పెట్టాక అరగంటైనా అలాగే ఉంచాలి, చదునుగా పడుకోబెడితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యూరిన్ బ్యాగ్ నేల మీద పడి ఉండకూడదు, మంచం మీద ఒంటి ఎత్తులోనూ ఉండకూడదు. తేడా కనబడి వాళ్ళు జవాబు చెప్పకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

తనిఖీ_కాగితం
అయితే ఇలా చేద్దాం. బిల్లులు, మందుల చీటీలు, డాక్టరుతో మాటలకు ఒకసారి చెప్పి వెళ్ళడం. ఆ తర్వాత నెలలోపు ఎప్పుడైనా చెప్పకుండా ఇద్దరే, వాళ్ళలో ఒకరు నర్సు. నిర్వాహకుడి గారి మాట మన్నించి స్నానాల వేళ గదుల్లోకి వెళ్ళం. వంటగది, గేటు, డ్యూటీ పుస్తకంతో మొదలుపెడతాం. ఎవరి దగ్గరికైనా వాళ్ళు సరేనంటేనే.

ఆశ్రమ_నిర్వాహకుడు
రాత్రి ఏడున్నరకు ఎప్పుడైనా రండి, గేటు తీస్తాం. ఉదయం ఆరు మాత్రం వద్దంటాను.

వార్డు_నర్సు
ఆరే కావాలి సార్. రాత్రి డైపర్ పదింటికి వేసింది అలాగే ఉందా, మధ్యలో మార్చారా అన్నది తూకంలో తెలిసేది అప్పుడే. మీ ఆయా మార్చి పడేసినవి బకెట్‌లో ఉంటాయి. పొడిది ఒకటి, తీసింది ఒకటి వంటింటి కాటా మీద కవర్లో పెట్టి తూస్తే చాలు. గదుల్లోకి రాకుండానే చూసుకోవచ్చు.