మందం కాగితం మీద అక్షరాలు నిలవట్లేదు, లేజర్ ప్రింటర్‌కి ఏ పేపర్ వాడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పిల్లలకు ఇవ్వాల్సిన ప్రశంసా పత్రాలు ఒక 40 దాకా ఇంట్లో ఉన్న లేజర్ ప్రింటర్ మీదే తీద్దామనుకున్నాను. మామూలు 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క) కాగితం మీద చక్కగా వస్తోంది. 160 జీఎస్ఎం పెడితే చూడ్డానికి బాగానే ఉంది కానీ, పేరు మీద బొటనవేలితో రుద్దితే అక్షరం నల్లటి పొడిలా లేచి వేలికి అంటుకుంటోంది. టోనర్ అయిపోవచ్చిందంటారా? ఇంక్‌జెట్ గ్లాసీ ఫోటో పేపర్ ఒక ప్యాకెట్ కూడా ఉంది. పోనీ అది వాడేయనా? ఎల్లుండికి కావాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ముందు ఆ గ్లాసీ ప్యాకెట్ పక్కన పెట్టేయండి. ఒక్క షీటు కూడా పెట్టొద్దండీ. లేజర్ ప్రింటర్‌లో ఉండేది సిరా కాదు, టోనర్ పొడి. ఆ పొడిని కాగితం మీద పరిచి, ఫ్యూజర్‌లోని వేడి రోలర్ల మధ్య నొక్కి, కరిగించి అతికిస్తుంది. అక్కడ వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఇంక్‌జెట్ పేపర్ మీది పూత సిరా పీల్చుకోవడానికి వేసినది. ఆ వేడికి మెత్తబడి రోలర్‌కి అంటుకుందంటే ఫ్యూజరే మార్చాల్సి రావచ్చు. మెరుపు కావాలంటే ప్యాకెట్ మీద లేజర్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి.

మీ టోనర్ బాగానే ఉన్నట్టుంది, లేకపోతే పల్చటి కాగితం మీద కూడా వెలిసినట్టు వచ్చేది. మందం కాగితం వేడిని ఎక్కువ లాగేసుకుంటుంది, పొడి పూర్తిగా కరగదు. ప్రింట్ ఇచ్చేటప్పుడు పేపర్ టైప్ ‘ప్లెయిన్’ అనే ఉందేమో చూడండి. ‘హెవీ’ అనో ‘కార్డ్‌స్టాక్’ అనో మారిస్తే ప్రింటర్ వేగం తగ్గించో, వేడి పెంచో పొడిని సరిగ్గా అతికిస్తుంది. మీ మోడల్ ఎన్ని జీఎస్ఎం దాకా తీసుకుంటుందో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటొద్దు. ట్రేలో కాకుండా మాన్యువల్ ఫీడ్‌లో, అంటే చేత్తో కాగితం అందించే చోట, ఒక్కొక్కటే పెట్టండి. వెనక తలుపు ఉంటే తెరవండి, కాగితం వంగకుండా నేరుగా బయటికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
‘హెవీ’ పెట్టాను. రుద్దినా రావట్లేదు, చాలా థాంక్సండీ! కానీ అంచులు చుట్టుకుపోతున్నాయి. రెండు జామ్ కూడా అయ్యాయి.

ఇంకొకరి జవాబు:
ఆ ప్యాకెట్ విప్పి ఎన్నాళ్ళయింది? కాగితం గాలిలో తేమ లాగేసుకుంటుంది. ఫ్యూజర్ వేడికి ఆ తేమ ఒక్కసారిగా ఆవిరైపోతుంటే కాగితం చుట్టుకుంటుంది. నేనైతే ఎప్పుడూ కావలసినన్నే తీసి, మిగతా కట్టను కవర్లో గట్టిగా చుట్టి పెడతాను. ఒకసారి కట్టను తిరగేసి పెట్టి చూడండి. కొన్ని ప్యాకెట్ల మీద బాణం గుర్తు ఉంటుంది, ముందు ఏ వైపు ప్రింట్ చేయాలో అదే చెబుతుంది.

బట్ట నేతలా గరుకుగా ఉండే కాగితం జోలికి మాత్రం పోకండి. గుంటల్లోకి టోనర్ సరిగా చేరక అక్షరాల మధ్య తెల్ల చుక్కలు పడతాయి. పేర్లు రాసే పత్రాలకు నున్నటి కాగితమే అందం.

ప్రశ్న అడిగినవారు:
కొత్త ప్యాకెట్ విప్పాను. 40కి 40 వచ్చేశాయి, ఒక్కటీ చుట్టుకోలేదు. ఇద్దరికీ కృతజ్ఞతలు.

జవాబు:
సంతోషమండీ. మామూలు కాగితం పెట్టేముందు సెట్టింగ్ మళ్ళీ ‘ప్లెయిన్’కి మార్చడం మరిచిపోకండి.